మఱపునకు మందు కలదా?



నేడు నేను మీతో ముచ్చటింపదలచిన విషయము జ్ఞాపకశక్తికై అమ్మబడుచున్న మందులను గుఱించినది. నేను వైద్యుడను. పల్లెలనుండి నాయొద్దకు వచ్చు పెద్దలు తఱచుగా రెండు ప్రశ్నలు వేయుచుందురు. మొదటిది పిల్లవానిని గుఱించినది. "డాక్టరుగారూ, మావాడు రాత్రులు మేలుకొని చదువుచున్నాడు. చదివినది నిలువకున్నది. పరీక్షలు దగ్గఱపడినవి. జ్ఞాపకశక్తికి మంచి మందేదైన వ్రాసి యిండు" అందురు. రెండవ ప్రశ్న మెల్లగా, కొంచెము సంకోచముతో వచ్చును. అది తమ్ము గుఱించినదే. "మనుమల పేర్లు తడబడుచున్నవి. వాకిట నిలిచిన మనిషి ముఖము తెలియును గాని పేరు నాలుకమీదికి రాదు. దీనికి టానిక్కు గాని మాత్ర గాని లేదా?" అందురు.

ఈ రెండు ప్రశ్నలకును "కలదు, కలదు" అని సొమ్ము పుచ్చుకొనువారు బజారున ననేకులు కలరు. "ముసలితనమునకు మందేమిటి, పొండు" అని కసరువారును కలరు. ఈ రెండు మాటలును నిజము కావు. ఆరోగ్యముగా నున్నవాని జ్ఞాపకమును నిస్సందేహముగా పెంచు మాత్రను ఇంతవఱకు ఎవరును కనిపెట్టలేదు. మఱపు వ్యాధిగా వచ్చినప్పుడు మాత్రము కొన్ని మందులు కొంతవఱకు సాయపడును. వీనికంటె ముఖ్యమైన మూడవ మాట యొకటి కలదు. కొందఱి మఱపునకు వేఱొక కారణము లోపల దాగియుండును. ఆ కారణమును వెదకి తీసివేసినచో మఱపు తగ్గును. ఈ మూడవ మాటను మీ చెవిని వేయుటయే నా ముఖ్యోద్దేశము.

మందు సంగతి తెలియవలెనన్న, ముందు జ్ఞాపకమెట్లు పనిచేయునో తెలిసికొనవలెను. దానిని మన యింటి గాదెతో పోల్చి చూడుడు. పంట గాదెకు చేరుటలో మూడు పనులున్నవి. ధాన్యమును ఇంటికి తేవలెను, ఎండబోసి గాదెలో నింపవలెను, కావలసినప్పుడు తీసికొనవలెను. జ్ఞాపకమునకును ఇట్లే మూడు పనులున్నవి. కంటితో చూచిన, చెవితో వినిన సంగతిని శ్రద్ధతో పట్టుకొనుట మొదటిది. పట్టుకొనినదానిని కుదురుపఱచి దాచుట రెండవది. అక్కఱ కలిగినప్పుడు వెలికి తీయుట మూడవది. "జ్ఞాపకము లేదు" అని మనము అనునప్పుడు ఈ మూడింటిలో ఏది చెడినదో చూడవలెను. చెవుడు వచ్చినవానికి మాట ఇల్లే చేరలేదు. ఇక దాచుట యెక్కడిది? దిగులుతో క్రుంగినవాని మనస్సు ఎదుటివాని మాటను పట్టుకొననే లేదు. అట్టివారికి గాదెను బాగుచేయు మందిచ్చిన లాభమేమి?

ఈ దాచుపని మెదడులో ఒక ప్రత్యేకస్థానముపై ఆధారపడియున్నదని లోకమునకు తెలిపినది ఒక దురదృష్టవంతుని కథ. అమెరికా దేశమున హెన్రీ మొలైసన్ అనునతడు కఠినమైన మూర్ఛరోగముతో బాధపడుచుండెను. 1953లో స్కోవిల్ అను శస్త్రవైద్యుడు అతని మెదడున ఇరుప్రక్కల, చెవులకు లోతట్టున నుండు భాగములను కొంత తొలగించెను. మూర్ఛలు తగ్గినవి. కాని ఆనాటినుండి అతనికి క్రొత్త సంగతి నిలుచుట పోయినది. బాల్యమున జరిగినవానిని చెప్పగలడు. కొంతసేపటిక్రిందట మాటలాడినవారిని ఎఱుగడు. బ్రెండా మిల్నర్ అను మనశ్శాస్త్రజ్ఞురాలు అతనిని ఏండ్ల తరబడి పరీక్షించినది. వచ్చినప్పుడెల్ల ఆమె అతనికి క్రొత్త మనిషియే. అద్దములో చూచుచు నక్షత్రపు బొమ్మను గీయు పనిని అతనిచే దినదినము చేయింపగా చేయి మాత్రము నేర్చుకొనినది. తాను నేర్చితినని అతనికి తెలియదు. 2008లో చనిపోవువఱకు, అనగా 55 ఏండ్లు, అతడట్లే జీవించెను.

తొలగింపబడిన భాగములలో ముఖ్యమైనదానికి హిప్పోకాంపస్ అని పేరు. వృద్ధులకు వచ్చు అల్‌జైమర్ వ్యాధి సాధారణముగా దీనిని, దీని చుట్టుపట్టులను మొదట పట్టును. అందుచేతనే ఆ వ్యాధి సోకిన పెద్దమనిషి తన పదియవయేట చూచిన వీథినాటకమును పూసగ్రుచ్చినట్లు చెప్పును. ఉదయము తినిన సంగతి మఱచి "నాకు అన్నము పెట్టలేదు" అనును. సొమ్ము తానే యొకచోట దాచి, దాచిన సంగతి తెలియక, కోడలు దొంగిలినదని అలుగును. ఇంటివారు దీనిని మొండితనమని తలతురు. ఇరుగుపొరుగువారు కోడలిని అనుమానింతురు. ఇది మొండితనము కాదు, దొంగతనము కాదు. పాత పంట గాదెలో నున్నది. క్రొత్త పంట లోనికి పోవుట లేదు.

మందులు మెదడుపై ఎట్లు పనిచేయునో చెప్పుటకు మీరెఱిగిన మొక్క యొకటి కలదు. దిబ్బలపై మొలచు ఉమ్మెత్తను ఎఱుగనివారు లేరు. దాని గింజలు కడుపున పడినవాడు వెఱ్ఱివానివలె ప్రేలును. ఒక్కొక్కసారి ప్రాణమే పోవును. బ్రతికి తెలివి తెచ్చుకొనినవాడు నడుమ జరిగినదానిని చెప్పజాలడు. పూర్వము బాటసారులకు తినుబండారములలో దీనిని కలిపి పెట్టి దోచుకొను దొంగలుండిరి. ఇందలి రహస్యమిది. మెదడులోని నరకణములు ఒకదానికొకటి వార్త పంపుకొనుటకు కొన్ని ద్రవ్యములను వాడుకొనును. వానిలో ఎసిటైల్‌కోలిన్ అనునది శ్రద్ధకును జ్ఞాపకమునకును మిక్కిలి అవసరము. ఉమ్మెత్తలోని స్కోపొలమిన్ అను విషము, ఆ ద్రవ్యము ప్రవేశింపవలసిన తలుపునకు అడ్డుపడును. 1974లో డ్రాక్‌మన్, లెవిట్ అను శాస్త్రజ్ఞులు ఆరోగ్యముగల యువకులకు స్కోపొలమిన్‌ను కొలతగా ఇచ్చి చూడగా, వారి జ్ఞాపకము కొంతసేపు ముసలివారి జ్ఞాపకమువలె నైనది. తర్వాత కొలది యేండ్లకే అల్‌జైమర్ రోగుల మెదడులో ఎసిటైల్‌కోలిన్‌ను తయారుచేయు శక్తి బాగుగా తగ్గియుండునని తేలినది.

అందుండి ఒక యుక్తి పుట్టినది. ఈ ద్రవ్యమును మెదడులోనే మఱియొక పదార్థము ఎప్పటికప్పుడు విఱుగగొట్టుచుండును. ఆ విఱుగగొట్టు పదార్థమును అడ్డగించినచో, ఉన్న కొంచెము ద్రవ్యమైనను ఎక్కువసేపు నిలుచును కదా? చెఱువునకు క్రొత్తనీరు రానప్పుడు తూము బిగించి ఉన్ననీటిని నిలుపుకొనుట వంటిదిది. ఈ యుక్తితో తయారైన మందులలో డోనెపెజిల్ ముఖ్యమైనది. అది జపాను దేశమున పుట్టి, 1996లో అమెరికాలో అనుమతి పొందినది. రివాస్టిగ్మిన్, గాలంటమిన్ అనునవియు ఇదే జాతివి. గాలంటమిన్‌ను మొదట చలిప్రదేశములలో శీతకాలపు చివర పూచు ఒక తెల్లపూల దుంపమొక్కనుండి తీసిరి.

ఈ మందుల బలమెంత? ఉన్నదున్నట్లు చెప్పెదను. ఇవి వ్యాధిని మాన్పవు. మెదడులో జరుగుచున్న నష్టమును ఆపవు. కొందఱికి కొన్ని నెలలు, కొందఱికి అంతకంటె ఎక్కువకాలము, మఱపు ముదురుట కొంచెము నిదానించినట్లు కనబడును. కొందఱికి ఏమియు కనబడదు. వికారము, విరేచనములు, నాడి నెమ్మదించుట మొదలగు బాధలు కలుగవచ్చును. తూము బిగించినంతమాత్రమున చెఱువు నిండదు కదా! 2023లో అమెరికాలో పూర్తి అనుమతి పొందిన లెకానెమాబ్ అను క్రొత్త మందు వేఱు దారిని పనిచేయును. అది మెదడులో పేరుకొనిన ఒక మాంసకృత్తును తొలగించును. 1795 మందిపై 18 నెలలు జరిగిన పరీక్షలో, ఆ మందు పుచ్చుకొనినవారి క్షీణత పుచ్చుకొననివారికంటె 27 శాతము మందగించినది. కాని అది వ్యాధి తొలిదశలో నున్నవారికి మాత్రమే, సూదిద్వారా ఎక్కింపవలెను, కొందఱికి మెదడు వాచుటయు, రక్తము చిమ్ముటయు కలిగినవి, ఖర్చు సామాన్యులకు అందునది కాదు.

ఇక రోగములేనివారికై అమ్మబడు మందుల సంగతి. 1972లో కోర్నేలియు జుర్జియా అను రుమేనియా దేశపు శాస్త్రజ్ఞుడు "నూట్రోపిక్" అను క్రొత్తపేరు కల్పించెను. గ్రీకు భాషలోని బుద్ధి, మలుపు అను రెండు మాటలనుండి ఆ పేరు పుట్టినది. బెల్జియము దేశమున 1964లో తయారైన పైరాసిటామ్ అను మందును వర్ణించుటకే అతడీ పేరు పెట్టెను. అతడు చెప్పిన లక్షణములు గొప్పవి. అట్టి మందు నేర్చుకొను శక్తిని, జ్ఞాపకమును వృద్ధిచేయవలెను, మెదడును హానినుండి కాపాడవలెను, మత్తు కలిగింపరాదు, విషగుణము మిక్కిలి తక్కువగా నుండవలెను. ఇట్టిది నిజముగా దొరకినచో దానిని అమృతమనవచ్చును. కాని పేరు పెట్టినంతనే గుణము రాదు.

గుణమున్నదో లేదో ఎట్లు తెలియును? కొత్త ఎరువు మంచిదో కాదో మీరెట్లు తెలిసికొందురు? ఒకే నేలను రెండు మడులుచేసి, ఒకే విత్తనము చల్లి, ఒకే నీరు పెట్టి, ఒకదానికి ఎరువువేసి రెండవదానికి మాని, కోతనాడు రెండింటిని తూచి చూతురు. ఎరువువేసిన మడిని మాత్రమే చూచి "బాగుగా పండినది" అనినచో అది వర్షపు గొప్పయో ఎరువు గొప్పయో తెలియదు. మందును కూడ ఇట్లే సగముమందికిచ్చి, తక్కిన సగముమందికి చూపునకు అట్లే యుండు వట్టిమాత్రనిచ్చి, ఎవరికేది యిచ్చినారో ఇచ్చువారికిని పుచ్చుకొనువారికిని తెలియకుండ చూడవలెను. ఏలయనగా, టానిక్కు కొనిపెట్టిన తండ్రి ఆ నెలయంతయు పిల్లవానిని వేళకు పడుకొనబెట్టును, ప్రక్కన కూర్చుండి చదివించును. మార్కులు పెరిగినచో కీర్తి సీసాకు పోవును.

వృద్ధుల బుద్ధిక్షీణతకై పైరాసిటామ్‌తో జరిగిన ఇట్టి పరీక్షలను చేర్చి 2001లో కోక్రేన్ అను వైద్యసంస్థవారు పరిశీలించిరి. ఆ మందును అందుకై వాడుటకు తగిన ఆధారము లేదని తేల్చిరి. అమెరికాలో అది మందుగా అనుమతి పొందలేదు. ఐరోపాలో అవయవములు హఠాత్తుగా అదరిపడు ఒక జబ్బునకు దానిని వాడుదురు. మన దేశమున అది మాత్రలుగాను, సిరపుగాను దొరకును. డాక్టరు ఏ కారణముచేతనో వ్రాసినది వేఱు మాట. పరీక్షలకు చదువు పిల్లవానికి అంగడినుండి తెచ్చి పోయుట వేఱు మాట.

మఱికొన్ని మందులు జ్ఞాపకమునకు కాక మెలకువకు సంబంధించినవి. మిథైల్‌ఫెనిడేట్ అనునది చాంచల్యము ఒక వ్యాధిగా నున్న పిల్లలకు వైద్యుడిచ్చు మందు. మొడాఫినిల్ పగలు ఆపుకొనలేని నిద్ర వచ్చు రోగమునకు 1998లో అమెరికాలో అనుమతి పొందినది. రోగము లేని విద్యార్థులు కూడ వీనిని చాటుగా వాడుచుండుట పలుదేశములలో కలదు. ఆస్ట్రేలియా దేశపు శాస్త్రజ్ఞులు 40 మంది ఆరోగ్యవంతులకు ఇట్టి మూడు మందులను, వట్టిమాత్రను, వేఱువేఱు దినములలో ఇచ్చి ఒక లెక్క చేయించిరి. ఆ ఫలితము 2023లో ప్రకటితమైనది. ఒక సంచి కలదు. అది ఇంత బరువే మోయును. ఎదుట అనేక వస్తువులు. ఒక్కొక్కదానికి ఒక్కొక్క బరువు, ఒక్కొక్క విలువ. బరువు మించకుండ అన్నిటికంటె ఎక్కువ విలువ వచ్చునట్లు సంచి నింపవలెను. సంతకు బండి కట్టు మీకు ఈ లెక్క క్రొత్తది కాదు. మందు పుచ్చుకొనిన దినమున వారు ఎక్కువసేపు కూర్చుండిరి. ఎక్కువ మాఱులు వస్తువులను పెట్టిరి, తీసిరి. కాని నింపిన సంచి విలువ మాత్రము వట్టిమాత్ర దినముకంటె తగ్గినది. అలసిన ఎద్దును ముల్లుకఱ్ఱతో పొడిచిన వడిగా నడచును. చాలు మాత్రము వంకరపోవును.

"ఈ సీమమందులు పోనిండు, మన మూలికల మాటేమి?" అని మీరు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్న. చరకసంహితలో మేధకు హితములైన రసాయనములని నాలుగు చెప్పబడినవి: మండూకపర్ణి రసము, పాలతో యష్టిమధుకపు చూర్ణము, తిప్పతీగ రసము, శంఖపుష్పి కల్కము. ఇందు మండూకపర్ణినే మనము సరస్వతి ఆకు అందుము. నీటిపట్టున ప్రాకు మఱియొక చిన్న మొక్క కలదు. దానిని శాస్త్రజ్ఞులు బకోపా అందురు. ఈ రెండును వేఱువేఱు మొక్కలైనను, రెండింటిని బ్రాహ్మి యనుట దేశమున వాడుక. కాబట్టి సీసాపై బ్రాహ్మి యని యున్నంతమాత్రమున లోపల ఏ మొక్క కలదో తెలియదు. బకోపాను లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధనాలయమువారు చాలకాలము పరిశోధించిరి. ఆస్ట్రేలియాలో 40 మొదలు 65 ఏండ్ల వయస్సుగల 76 మందిపై మూడు నెలలు జరిగి 2002లో ప్రకటితమైన పరీక్షలో, దానిని వాడినవారు క్రొత్తగా నేర్చినదానిని కొంచెము తక్కువగా మఱచిరి. నేర్చుకొను వేగము మాత్రము పెరుగలేదు. అనగా ఈ మూలికయందు కొంత ఆశ కలదు. కాని పరీక్షలు చిన్నవి, ఫలము స్వల్పము, దానికి వారములు కాదు, నెలలు పట్టును. పరీక్షలకు పది దినములు ముందు త్రాగించుట వ్యర్థము.

పెద్దపరీక్షకు నిలిచిన మూలిక గతి యేమైనదో కూడ వినుడు. చీనాదేశపు గింకో అను చెట్టు ఆకుల సారమును జ్ఞాపకమునకై లోకమంతట అమ్ముదురు. అమెరికాలో 75 ఏండ్లు, ఆపై వయస్సుగల 3069 మందిని రెండు భాగములుచేసి, సుమారు ఆఱేండ్లు సగముమందికి గింకోను, సగముమందికి వట్టిమాత్రను ఇచ్చిరి. 2008లో ఫలితము తెలిసినది: బుద్ధిక్షీణవ్యాధి రెండు పక్షములలోను ఇంచుమించు సమానముగానే వచ్చినది. మఱియొక హెచ్చరిక. ఇంటర్‌నెట్ ద్వారా అమ్ముచున్న 193 ఆయుర్వేదపు మందులను అమెరికాలో కొని పరీక్షింపగా, ఇంచుమించు అయిదింట ఒకదానిలో సీసము, పాదరసము, ఆర్సెనిక్ అను విషములలో ఏదో యొకటి కనబడెనని 2008లోనే ప్రకటించిరి. సీసము పిల్లల మెదడును చెఱచునని వైద్యలోకమున ఎల్లరును ఎఱుగుదురు. బుద్ధి పెరుగునని ఇచ్చినది బుద్ధిని హరింపరాదు కదా! పెరటిలో పెరిగిన సరస్వతి ఆకుతో పచ్చడి చేసికొని తినుడు, నేను వలదనను. ఊరు పేరు లేని చూర్ణమును మాత్రము పిల్లవాని నోట వేయకుడు.

ఇప్పుడు నా ముఖ్యవిషయమునకు వచ్చుచున్నాను. పెద్దలకు మఱపు కలిగినప్పుడు మందు వెదకుటకు ముందు కారణము వెదకవలెను. బి12 అను విటమిన్ తగ్గినచో మఱపు, కాళ్ల తిమ్మిరులు, నీరసము కలుగును. మాంసము, చేపలు, గ్రుడ్లు, పాలు తక్కువగా తినువారికిని, మధుమేహమునకు మెట్‌ఫార్మిన్ ఏండ్ల తరబడి వాడినవారికిని ఈ కొఱత కలుగవచ్చును. రక్తపరీక్షతో తెలియును, సూదిమందుతో గాని మాత్రలతో గాని తీరును. థైరాయిడ్ గ్రంథి మందగించినను బుద్ధి మందగించును. దానికిని మందు కలదు. భార్యనో భర్తనో పోగొట్టుకొని మూలకూర్చుండినవారి మఱపు తఱచుగా దుఃఖమువలన వచ్చినది. పడి తలకు దెబ్బతగిలిన కొన్ని వారములకు మెల్లగా మఱపు, మత్తు కలిగినచో లోపల రక్తము గూడియుండవచ్చును. దానిని శస్త్రచికిత్సతో తీయగలరు. మితిమీఱిన సారాయి మెదడును తినివేయును. చెవుడు వచ్చినవానికి చెవియంత్రము పెట్టినచో మఱల మాట లోనికి పోవును.

మఱియొక కారణము మీ యింటి మందులడబ్బాలోనే యుండును. ఇందాక ఉమ్మెత్త మూయు తలుపును గుఱించి చెప్పితిని. మత్తు కలిగించు జలుబు మాత్రలు, దురద మాత్రలు, మూత్రము ఆపుకొనలేనివారికిచ్చు కొన్ని మాత్రలు, మనోవ్యాధులకిచ్చు కొన్ని పాతమందులు ఆ తలుపునే కొంత మూయును. నిద్రమాత్రలు వేఱు దారిని మఱపు కలిగించును. యౌవనమున ఇవి అంతగా బాధింపవు. 70 ఏండ్ల మెదడు ఓర్చుకొనలేదు. ఒకచేత జ్ఞాపకపు టానిక్కును, ఒకచేత ఈ మాత్రలను పుచ్చుకొనువారు, ఒకప్రక్క నీరు తోడుచు ఒకప్రక్క కుండకు చిల్లు పెట్టువారు. అట్లని ఏ మాత్రను మీ అంతట మీరు మానరాదు. ముఖ్యముగా నిద్రమాత్రలను హఠాత్తుగా ఆపుట అపాయము. డాక్టరునొద్దకు పోవునప్పుడు ఇంటనున్న మాత్రలన్నిటిని ఒక సంచిలో వేసికొనిపోయి చూపుడు.

ఏది సామాన్యమైన మఱపు, ఏది వ్యాధి? తాళపుచెవి ఎక్కడ పెట్టితినో మఱచుట సామాన్యము. తాళపుచెవి యెందులకో తోపకుండుట వ్యాధి. పరిచితుని పేరు అప్పటికి తట్టక, సాయంకాలమునకు తట్టుట సామాన్యము. అడిగిన ప్రశ్ననే గడియలో నాలుగుమాఱులు అడుగుట, పుట్టిన యూరిలోనే దారి తప్పుట, ఎప్పుడును తప్పని కూలిలెక్క తప్పుట వ్యాధిలక్షణములు. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7 మందికి పైగా, అనగా సుమారు 88 లక్షలమంది, బుద్ధిక్షీణవ్యాధితో నున్నారని 2023లో ప్రకటించిన లెక్క. మీ యూరిలోను ఇట్టివారు కొందఱుందురు. అట్టివారిచేత తొందరపెట్టి పొలపు దస్తావేజులపై వ్రేలిముద్రలు వేయించుకొనువారును ఉందురు. కాబట్టి తొలిదశలోనే వైద్యునికి చూపి, ఆస్తి ఏర్పాటులను తెలివి యుండగనే, పదిమంది యెదుట చేసికొనుట మంచిది.

వ్యాధి రాకుండ చేయవలసినది కూడ కొంత మన చేతిలో నున్నది. లాన్సెట్ వైద్యపత్రిక నియమించిన పండితసంఘము 2024లో 14 కారణములను ఎన్నినది. చదువు లేకుండుట, చెవుడు, చూపు మందగించినను చికిత్స చేయింపకుండుట, రక్తపుపోటు, మధుమేహము, రక్తములో చెడు క్రొవ్వు, స్థూలకాయము, తలదెబ్బలు, పొగత్రాగుట, మితిమీఱిన మద్యము, మనోవ్యాకులత, ఒంటరితనము, కదలకుండ కూర్చుండుట, చెడుగాలి అనునవి. వీనిని సరిదిద్దినచో లోకమున ఈ వ్యాధిలో సుమారు 45 శాతము ఆపుటకు గాని ఆలస్యము చేయుటకు గాని వీలుకలదని వారి యంచనా. ఈ పదునాలుగింటిలో టానిక్కు లేమియని యొక కారణము లేదు.

కడపట పిల్లవాని ప్రశ్నకు జవాబు. మీవాని జ్ఞాపకమునకు రెండు మందులు చెప్పెదను. రెండును ఊరకే దొరకును. మొదటిది నిద్ర. తడిధాన్యమును గాదెలో పోసిన ముక్కిపోవును. చదివిన సంగతి ఆఱి గట్టిపడుటకు నిద్రయే కళ్లము. 1924లో అమెరికాలో జెన్‌కిన్స్, డాలెన్‌బాక్ అను శాస్త్రజ్ఞులు, నేర్చిన వెంటనే నిద్రించినవారు మేలుకొనియున్నవారికంటె ఎక్కువ జ్ఞాపకముంచుకొందురని చూపిరి. రాత్రియంతయు మేలుకొని చదువుటయనగా పంటను కళ్లమునకు చేర్చకుండ వాననుంచుటయే.

రెండవది ఒప్పజెప్పుట. 2008లో కార్పికి, రోడిగర్ అను శాస్త్రజ్ఞులు విద్యార్థులకు పరభాషా పదములను నేర్పి, కొందఱిచేత మఱలమఱల ఒప్పజెప్పించిరి; కొందఱిచేత మఱలమఱల చదివించిరి. వారము దినములకు ఒప్పజెప్పినవారికి 80 శాతము, చదివినవారికి సుమారు 35 శాతము నిలిచినది. మన వీథిబడులలో అయ్యవారు ఎక్కములను ఊరక చదివింపక, పుస్తకము మూయించి ఒప్పజెప్పించుట ఎంత మంచిపనియో దీనివలన తెలియుచున్నది. వేదపండితుల మెదడులను 2016లో ప్రకటించిన పరిశోధనలో చూడగా, చిన్ననాటినుండి వల్లెవేసిన 21 మంది పండితులకు జ్ఞాపకమునకు సంబంధించిన భాగములు ఇతరులకంటె పెద్దవిగా కనబడినవి. మఱియు 2017లో ప్రకటించిన మఱియొక పరీక్షలో, సామాన్యులకు ఎఱిగిన ఇంటిలోని గదులకు, మూలలకు మాటలను జతపఱచి గుఱుతుంచుకొను పద్ధతిని దినమునకు అరగంట చొప్పున 40 దినములు నేర్పిరి. మొదట 72 మాటలలో 26 మాత్రమే చెప్పగలిగినవారు, తర్వాత 62 చెప్పిరి. మండల దినముల అభ్యాసము చేసినంతపని ఏ మాత్రయు ఇంతవఱకు చేయలేదు. మన అవధానుల ధారణకును ఆధారము సాధనయే.

పెద్దలారా, ఊరి పొలిమేర ఎక్కడనో, కాలువ ఏ యేట త్రవ్విరో, ఏ గట్టు తగవు ఎట్లు తీరినదో కాగితములకంటె మీకే బాగుగ తెలియును. అందుచేత మీ జ్ఞాపకము మీ ఒక్కరి సొత్తు కాదు. మఱపు తోచినచో సిగ్గుపడి దాచకుడు. సీసా కొని సరిపెట్టుకొనకుడు. చెవి, చూపు, రక్తపుపోటు, మధుమేహము, బి12, థైరాయిడ్ వీనిని పరీక్షింపజేసికొనుడు. వాడుచున్న మాత్రలన్నిటిని వైద్యునికి చూపుడు. సాయంకాలము రచ్చబండవఱకు నడచి నలుగురితో మాటలాడుడు. పిల్లవానిచేత పుస్తకము మూయించి పాఠమును మీకు ఒప్పజెప్పించుకొనుడు. దీపమార్పి వేళకు పడుకొనబెట్టుడు. ఇన్నియు చేసిన పిమ్మటయు మందు కావలసివచ్చినచో, అప్పుడు వైద్యుడు వ్రాసినది వాడుడు.